భద్రాచలం అడుగుల లెక్క ఎందుకు తప్పుతోంది?

గోదావరి మన్యంలో వరదను భద్రాచలం అడుగుల్లో కొలుస్తారు. అక్కడ నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కూనవరం, వేలేరుపాడు, కుక్కునూరు, వరరామచంద్రపురం వైపు ఎవరినడిగినా ఈ మూడు అంకెలూ తడుముకోకుండా చెబుతారు. అంతటితో ఆగరు. భద్రాచలంలో ఎన్ని అడుగులుంటే తమ ఊరి వాగు పొంగి రోడ్డు మునుగుతుందో, ఎన్నింటికి వీధిలోకి నీళ్లొస్తాయో, ఎప్పుడు బియ్యం బస్తాలు అటకెక్కించాలో, ఎప్పుడు పశువులను విప్పి గుట్ట మీదికి తోలాలో కూడా చెబుతారు. ఎవరూ కాగితం మీద పెట్టని ఈ పట్టిక 1986, 1990 వరదలు చూసిన పెద్దల నుంచి పిల్లలకు అందింది.

డేటా సైన్స్ అంటే ఏమిటని అడిగితే నేను ముందుగా ఈ పట్టికనే చూపిస్తాను. ఒకచోట కొలిచిన అంకె, మరోచోట జరిగిన సంగతి, ఆ రెండింటి మధ్య ఏళ్ల తరబడి కనిపించిన సంబంధం, దాన్ని పట్టుకుని రేపు ఏమవుతుందో వేసే అంచనా. కంప్యూటర్ చేసేదీ ఇదే. కాకపోతే మనిషి జ్ఞాపకంలో పట్టనన్ని అంకెలు తీసుకుంటుంది, మనిషికి తట్టని సంబంధాలు కూడా వెతుకుతుంది.

భద్రాచలం దగ్గర పెరిగే నీరు చాలావరకు ఆ చుట్టుపక్కల కురిసిన వాన కాదు. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలుస్తుంది, ఇంకాస్త దిగువన ఇంద్రావతి కలుస్తుంది. మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో పడిన వాన వీటి మీదుగా వస్తుంది. నది పొడవునా కేంద్ర జలసంఘం కొలత కేంద్రాలున్నాయి. భద్రాచలానికి ఎగువనున్న పేరూరులో ఇప్పుడు పెరిగిన మట్టం కొన్ని గంటల తర్వాత భద్రాచలంలో కనిపిస్తుంది. దశాబ్దాలుగా నమోదు చేసిన ఈ జంట అంకెలే వరద అంచనాకు పునాది. ఎగువన కురిసిన వాన ఎంత, నేల అప్పటికే ఎంత తడిసి ఉంది, ఉపనదులు ఒకేసారి పొంగాయా లేక ఒకదాని తర్వాత ఒకటా అన్నవి చేర్చిన కొద్దీ అంచనా మెరుగవుతుంది. 2018లో పట్నాలో గూగుల్ మొదలుపెట్టిన వరద హెచ్చరికలు కూడా కేంద్ర జలసంఘం కొలతల ఆసరాతో నడిచినవే. నది ఒడ్డున కొలబద్ద చూసి అంకె రాసే మనిషి లేకపోతే ఎంత పెద్ద కంప్యూటరైనా చేయగలిగింది కొంచెమే.

మట్టం ఎంతన్నది తెలిశాక, ఆ నీరు ఎంతవరకు పరుచుకుంటుందన్నది మరో ప్రశ్న. వరద రోజుల్లో ఆకాశమంతా మబ్బే కాబట్టి మామూలు ఉపగ్రహ చిత్రం పనికిరాదు. రాడార్ ఉపగ్రహం మబ్బుల గుండా, రాత్రిపూట కూడా చూస్తుంది. అది పంపిన తరంగాలు నేలను, చెట్లను, ఇళ్లను తాకి కొంత వెనక్కి వస్తాయి. నునుపైన నీటిని తాకినవి పక్కకు జారిపోతాయి. అందుకే చిత్రంలో నీరున్నచోటు నల్లగా పడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం ముంపు పటాలు తయారు చేసేది ఇలాంటి చిత్రాలతోనే. 2022 ఫిబ్రవరిలో ఇస్రో ప్రయోగించిన ఈఓఎస్-04 ఆ కోవలోదే. ఇబ్బందల్లా ఏమిటంటే, ఉపగ్రహం తన దారిన తాను తిరుగుతూ ఉంటుంది. వరద పతాక స్థాయికి చేరిన రాత్రి అది మన మీదుగా వెళ్లకపోవచ్చు. మర్నాటి చిత్రంలో నీరు అప్పటికే కొంత తీసి ఉంటుంది. ఆ చిత్రం చూసి ఒక ఊరు మునగలేదని రాస్తే, ఆ ఊరివాళ్లు గోడ మీది బురద గీత చూపించి కాదంటారు. ఆ గీతే నిజం.

2022 జులై 16న భద్రాచలంలో గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అదే పెద్దది. 1990లో 70.8 వచ్చింది, అదీ ఆగస్టులోనే. జులైలో ఇంత వరద వస్తుందని ఎవరి జ్ఞాపకంలోనూ లేదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 1950 నుంచి 2015 దాకా వాన రికార్డులు పరిశీలించి, మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వర్షాలు మూడింతలయ్యాయని 2017లో ప్రకటించింది. గోదావరి ఉపనదులకు నీరిచ్చేది చాలావరకు ఆ ప్రాంతమే. అంటే పాత వానల నుంచి నేర్చుకున్న లెక్క కొత్త వానలకు సరిపోకపోవచ్చు.

వాన ఒక్కటే మారలేదు, నది కూడా మారింది. 2021లో పోలవరం దగ్గర కడుతున్న ప్రాజెక్టులో భాగంగా, తాత్కాలిక అడ్డుకట్ట అయిన ఎగువ కాఫర్ డ్యామ్‌తో గోదావరిని వరద నీరు వదిలే స్పిల్‌వే వైపు మళ్లించారు. అప్పటి నుంచి ఆ ప్రాజెక్టు ముంపు మండలాల వాళ్లు ఒకే మాట చెబుతున్నారు. భద్రాచలంలో మట్టం మునుపటిదే, మా ఊళ్లో నీళ్లు మాత్రం ఎక్కువ అని. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి మట్టం ఎక్కువగా ఉంటే శబరి నీటికి పోయే దారి ఉండదు, ఎగదన్ని వాగుల్లోకి, పొలాల్లోకి ఎక్కుతుంది. దీనిలో ప్రాజెక్టు వాటా ఎంత, వాన వాటా ఎంత అన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశాల మధ్య తెగని వాదం. నిజానికి దీన్ని తేల్చే పద్ధతి ఉంది. ఒకే వరదను కంప్యూటర్‌లో రెండుసార్లు నడపాలి, ఒకసారి కట్టడంతో, ఒకసారి కట్టడం లేకుండా. రెండు ఫలితాల తేడా ఊరి వారీగా బయటపెట్టాలి. ఆ ఫలితాలను బురద గీతలతో సరిచూడాలి.

ఇక ప్రాజెక్టు ముంపులో ఇళ్లు పోయేవాళ్ల పునరావాసం. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. మొదటి దశలో 41.15 మీటర్ల వరకే నీరు నిలుపుతామని, ఆ కాంటూరు లోపలి కుటుంబాలనే ముందుగా తరలిస్తామని అన్నారు. కాంటూరు అంటే సముద్రమట్టానికి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసిన గీత. ఈ గీతకు లోపలున్న ఇంటికి పరిహారం, ఇల్లు, ప్యాకేజీ వస్తాయి. బయటున్న ఇంటికి అవన్నీ తర్వాతెప్పుడో.

ఇందులో రెండు లోపాలున్నాయి. ఒకటి, ఆ గీతను దేనితో కొలిచారన్నది. పాత పటాల్లో ఎత్తు అంచనా మీటరు అటూఇటూ అయితే, చదునైన చోట ఆ ఒక్క మీటరే ఊళ్లకు ఊళ్లను అటునుంచి ఇటు మార్చేస్తుంది. లైడార్ సర్వేలో ఆకాశం నుంచి లేజర్ కాంతిని నేల మీదికి వదిలి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఎత్తు లెక్కగడతారు. ఆకుల సందుల్లోంచి కొన్ని కిరణాలు నేలకు చేరతాయి కాబట్టి అడవిలోనూ నేల ఎత్తు దొరుకుతుంది, తేడా సెంటీమీటర్లలోకి తగ్గుతుంది. పోలవరంలో ఈ సర్వే చేశాక ఏమైందో చూడండి. 41.15 మీటర్ల పరిధిలో ముందు దాదాపు 21 వేల కుటుంబాలనుకున్నారు. సర్వే తర్వాత మరో 17 వేల కుటుంబాలను చేర్చాల్సి వచ్చి, మొత్తం 38 వేలు దాటింది. కొలిచే పరికరం మారినందుకే ఇన్ని వేల ఇళ్లు గీత బయటి నుంచి లోపలికి వచ్చాయి. అంతకుముందు ఆ ఇళ్లు గీత బయట ఉన్నాయని నమ్మబలికింది కూడా డేటాయే.

రెండోది ఇంకా లోతైనది. గీత గీసే పద్ధతి నదిని గ్లాసులో నీళ్లలా చూస్తుంది, అంచు అంతటా ఒకే ఎత్తు అన్నట్టు. పారే నది అలా ఉండదు. వరదలో ఉన్నప్పుడు డ్యామ్ దగ్గర 41 మీటర్లున్న నీరు ఎగువకు వెళ్లేకొద్దీ ఎత్తు పెరుగుతూ పోతుంది. అందుకే నిలవనీటి గీతకు పైనున్నామని అధికారులు చెప్పిన ఊళ్లు పారే వరదలో మునగొచ్చు. 2022లో గీత బయట ఉన్నామని ఊరుకున్న ఊళ్లలోకి కూడా గోదారి వచ్చింది. ఏ కుటుంబాన్ని ముందు తరలించాలన్నది కాంటూరు గీత ఒక్కటే తేల్చకూడదు. ఎన్నేళ్లకోసారి, ఎన్ని రోజులు, ఎంత లోతున మునుగుతుందన్న లెక్క ఇంటింటికీ ఉండాలి. అలాంటి లెక్క వేయడానికి కావలసిన సరంజామా అంతా ఇవాళ మన దగ్గరే ఉంది.

ఇళ్ల ఎత్తు సెంటీమీటర్లలో తెలుస్తున్న ఈ కాలంలో ఆ ఇళ్లలోని మనుషుల జాబితా మాత్రం పాతబడి ఉంటుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పెద్దవాళ్లయిన కొడుకైనా కూతురైనా, పెళ్లితో నిమిత్తం లేకుండా, విడి కుటుంబమే. అయితే ఎప్పటికి పెద్దవాళ్లవ్వాలి? సర్వేకు ఒక కట్ ఆఫ్ తేదీ ఉంటుంది. ఆ రోజుకు పదిహేడేళ్ల పిల్ల, ఊరు ఖాళీ చేసే రోజుకు ఇద్దరు బిడ్డల తల్లి కావచ్చు, కాగితం మీద మాత్రం తండ్రి కుటుంబంలో మైనరే. తేదీని తరలించే రోజుకు మార్చమని నిర్వాసితులు ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. ఏ అల్గారిథమూ ఈ తప్పును పట్టుకోదు, ఎందుకంటే జాబితాలో లేని మనిషి దాని దృష్టిలో లేనట్టే. నది అంకెను గంటగంటకూ సవరించే ప్రభుత్వం మనుషుల లెక్కను ఏళ్ల తరబడి అలాగే వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఆరోగ్యం లెక్క కూడా ఇలాంటిదే. వరద తీశాక నీటి గుంటల్లో దోమలు, కలుషితమైన బావులు, పాముకాట్లు, జ్వరాలు, అందని మందులు. ఇలా పోయిన ప్రాణాలను వరద మృతుల్లో కలపరు. 2017 సెప్టెంబరులో ప్యూర్టోరికోను మరియా తుపాను తాకినప్పుడు మొదట 64 మంది చనిపోయారని అధికారిక లెక్క. జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు మరణాలన్నీ తీసుకుని, ఏ కారణమన్నది పక్కనపెట్టి, మామూలు ఏళ్లలో ఆ నెలల్లో ఎంతమంది చనిపోతారో దానితో పోల్చారు. తేలిన అదనపు మరణాలు 2,975. అక్కడి ప్రభుత్వం ఆ అంకెనే అంగీకరించింది. డయాలసిస్‌కు కరెంటు లేక, అంబులెన్సుకు దారి లేక పోయినవాళ్లు ఆ తేడాలో ఉన్నారు.

ఈ పద్ధతి మన మన్యంలో పనిచేయాలంటే ప్రతి మరణమూ ఎక్కడో ఒకచోట నమోదు కావాలి. 2017లో తూర్పు గోదావరి మన్యంలోని వై.రామవరం మండలం చాపరాయిలో కొద్ది వారాల్లో పదిహేను మందికి పైగా చనిపోతే, ఆ కబురు కొండ దిగేసరికి చాలా ఆలస్యమైంది. రోడ్డు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. ఫోన్లు పనిచేసే చోట కథ వేరు. హైతీలో 2010 భూకంపం తర్వాత స్వీడన్ పరిశోధకులు సిమ్ కార్డుల కదలికలను బట్టి, 19 రోజుల్లో రాజధాని నుంచి దాదాపు 6.3 లక్షల మంది వెళ్లిపోయారని అంచనా వేయగలిగారు. అదే ఏడాది కలరా వచ్చినప్పుడు జనం ఎటు కదులుతున్నారో గంటల్లో చెప్పగలిగారు. అద్భుతమైన పనే. అయితే అది సిగ్నల్ ఉన్న చోట్ల మాత్రమే సాధ్యం. సిగ్నల్ లేని కొండ ఊరిని అలాంటి పటం ఖాళీగా చూపిస్తుంది. అక్కడ ఆశా కార్యకర్త చేతిలోని రిజిస్టరే డేటా. ఆమెకు సమయానికి జీతం, రక్తపరీక్ష కిట్లు, ఆ కాగితం కొండ కిందికి చేరే దారి ఉన్నాయో లేదో చూడటం కూడా డేటా సైన్స్‌లో భాగమే. నన్నడిగితే మొదటి భాగం.

వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి ముంపు గ్రామ సచివాలయంలో ఒక పటం తగిలించాలి. దాని మీద ఇంటింటి గడప ఎత్తు మీటర్లలో, పక్కన భద్రాచలం అడుగుల్లో కూడా ఉండాలి. ఏ మట్టానికి ఎవరి గడప తడుస్తుందో ఎవరైనా చదువుకునేలా ఉండాలి. తప్పుందంటే ఊరివాళ్లు అక్కడే రాసి సంతకం చేసే పుస్తకం ఒకటి ఉండాలి, సర్వే బృందం దాన్ని పట్టించుకోవాలి. ప్రతి వరద తర్వాత పటం మారాలి. పునరావాస కాలనీకి వెళ్లిన కుటుంబాల వివరాలు తాళాలిచ్చిన రోజుతో మూసేయకూడదు. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరుంటున్నారు, మంచినీళ్లు వస్తున్నాయా, అడవి, పొలం పోయినవాళ్లకు కూలి ఎక్కడ దొరుకుతోంది, పిల్లలు బడికి పోతున్నారా, గత ఏడాది ఎవరెవరు జబ్బుపడ్డారు అన్నవి ఏటా వెళ్లి అడిగి, ఆ జవాబులను మొదటి సర్వేతో పోల్చే ఖర్చును ప్రాజెక్టు అంచనా వ్యయంలోనే కలపాలి.