కీళ్ళలో పెరిగే స్ఫటికములు - గౌట్ వ్యాధి

పటిక స్ఫటికమును పెంచే ప్రయోగము హైస్కూలు విద్యార్థులకు తెలిసినదే. వేడినీళ్ళలో కరిగినంత పటికను కరిగించి, ఆ ద్రావణమును గాజుపాత్రలో పోసి, దానిలోనికి ఒక దారమును వ్రేలాడదీసి, కదపకుండా ఉంచుతాము. నీళ్ళు చల్లారినకొద్దీ, అంతవరకు కరిగి కంటికి కనబడకుండా ఉన్న పటిక ఆ దారమును పట్టుకొని గట్టిపడుతుంది. కొన్ని రకముల పటికబెల్లమును చేసే పద్ధతి కూడ ఇదే. ముక్కను కొరికినప్పుడు లోపలి నూలుపోగు పంటికి తగులుతుంది. ఈ సంగతి గుర్తున్నవారికి గౌట్ వ్యాధి అర్థము కావడము కష్టము కాదు.

ఇంగ్లండు దేశపు వైద్యుడు ఆల్ఫ్రెడ్ బేరింగ్ గ్యారడ్ 1848లో గౌట్ రోగుల రక్తములో యూరికామ్లము అధికముగా ఉన్నదని చూపించాడు. తరువాత కొన్ని సంవత్సరములకు, ఏ వైద్యుడైనా చేయదగిన ఒక సులువైన పరీక్షను కూడ కనిపెట్టాడు. రోగి రక్తమును గడ్డకట్టనిచ్చి, పైన తేరిన తేటను వెడల్పయిన చిన్న గాజుపళ్ళెములో పోసి, కొన్ని చుక్కల ఎసిటిక్ ఆమ్లము కలిపి, అందులో ఒక నారపోగును వేసి ఒకటి రెండు దినములు ఉంచేవాడు. గౌట్ ఉన్నవాని రక్తమైతే ఆ పోగు వెంట యూరికామ్లపు స్ఫటికములు వరుసగా కట్టేవి. ఆరోగ్యవంతుని రక్తములో పోగు పోగుగానే ఉండేది. పటికబెల్లపు దారమునకు, గ్యారడ్ నారపోగునకు సూత్రము ఒకటే.

ఆ పోగు మీద కట్టిన స్ఫటికములే రోగి కీళ్ళలోను కడతాయి. అప్పుడేమవుతుందో చూడండి. మనిషి రాత్రి సుఖముగా నిద్రపోతాడు. తెల్లవారుజామున కాలి బొటనవ్రేలి మొదట నిప్పు పెట్టినట్లు మంటతో మెలకువ వస్తుంది. ఆ చోటు ఎఱ్ఱబడి, వాచి, నిగనిగలాడుతూ ఉంటుంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చలేడు. గదిలో ఎవరైనా గట్టిగా అడుగు వేసినా కేక వేస్తాడు. తామే ఈ వ్యాధితో బాధపడిన ఆంగ్ల వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ 1683లో దీనిని వర్ణించిన తీరు నేటికీ వైద్య విద్యార్థులకు పాఠముగా ఉన్నది. వారము పది దినములకు ఆ బాధ, మందు వేసినా వేయకపోయినా, తనంతట తానే తగ్గిపోతుంది. ఆ వ్రేలు మునుపటివలెనే ఉంటుంది. మరల ఆరు నెలలకో, సంవత్సరమునకో ఇంకొకసారి వస్తుంది. పోను పోను దాడుల నడుమ విరామము తగ్గుతుంది; చీలమండ, మోకాలు, మణికట్టు కూడ పట్టుకుంటాయి.

తనంతట తానే తగ్గిపోవడమన్నది ఈ వ్యాధిలోని పెద్ద మోసము. ఏడవ రోజున పూసిన ఆకు పసరుకు, ఎనిమిదవ రోజున కట్టిన తాయెత్తుకు, పొరుగువారు చెప్పిన కషాయమునకు పేరు వస్తుంది. మన ఊళ్ళలోనే కాదు, ఐరోపాలోను శతాబ్దముల పాటు వందలకొలది గౌట్ మందులు ఈ విధముగానే కీర్తి పొందినవి. కాబట్టి ఏ చికిత్స పనిచేస్తుందో నిర్ణయించడానికి "నాకు తగ్గినది" అనే సాక్ష్యము ఇక్కడ చాలదు. మరుసటి సంవత్సరము దాడి వచ్చినదా, రాలేదా అని అడగవలసి ఉంటుంది.

మనలో కీళ్ళు నొప్పిపెడితే అన్నిటికీ కీళ్ళవాతమనే పేరు పెట్టడము వాడుక. ఆయుర్వేదము మాత్రము వాతరక్తమనే వ్యాధిని వేరుగా చెప్పినది. దాని లక్షణములు చాలవరకు గౌట్‌ను పోలి ఉంటాయి. వయస్సుతో మోకాళ్ళు అరగడము వేరు, రెండు చేతుల చిన్నకీళ్ళు సమముగా వాచే రుమటాయిడ్ వ్యాధి వేరు, గౌట్ వేరు. సందేహము వచ్చినప్పుడు కీలులోని ద్రవమును సూదితో తీసి, ధ్రువిత కాంతి గల సూక్ష్మదర్శినిలో చూస్తారు. సూదులవంటి స్ఫటికములు మెరుస్తూ కనబడితే ఇక వాదము లేదు. 1961లో అమెరికాలో మెకార్టీ, హాలెండర్ అనే వైద్యులు ఈ పరీక్షను వెల్లడించారు. ఈ స్ఫటికములే నొప్పికి కారణమా, లేక నొప్పితో పాటు ఊరక ఉన్నవా అనే ప్రశ్న మిగిలినది. దానిని తేల్చడానికి మెకార్టీ, ఫెయిరిస్ అనే మరొక వైద్యుడు శుద్ధమైన యూరేటు స్ఫటికములను తమ మోకాళ్ళలోనికే సూదితో ఎక్కించుకొన్నారు. కొన్ని గంటలలోనే ప్రశ్నకు జవాబు దొరికినది. 1962లో ఆ ఫలితమును ప్రకటించారు.

ఇంతకూ ఈ యూరికామ్లము ఎక్కడిది? మన శరీరపు ప్రతి కణములోను న్యూక్లియిక్ ఆమ్లములు ఉన్నవి. వాటిలో ప్యూరినులనే పదార్థములు భాగము. పాతకణములు నశించినప్పుడు ఆ ప్యూరినులు విచ్ఛిన్నమై చివరకు యూరికామ్లముగా మారుతాయి. తినే ఆహారములోని ప్యూరినులదీ అదే గతి. కాని వాటి వాటా తక్కువ, ఎక్కువ భాగము శరీరములో పుట్టేదే. కుక్క, ఆవు మొదలైన చాల క్షీరదములలో యూరికేసు అనే ఎంజైము ఉండి యూరికామ్లమును ఇంకా సులభముగా కరిగే పదార్థముగా మారుస్తుంది. మానవునిలోను, మానవునికి దగ్గరి బంధువులైన పెద్ద కోతులలోను ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు లక్షలాది సంవత్సరముల క్రిందటనే చెడిపోయినది. పక్షులకు కూడ ఆ ఎంజైము లేదు. కాకి రెట్టలో తెల్లగా కనబడేది చాలవరకు యూరికామ్లమే. కాని అవి దానిని ముద్దగా బయటికి నెట్టివేస్తాయి. మన యూరికామ్లములో సుమారు మూడింట రెండు వంతులు మూత్రపిండముల ద్వారా, తక్కినది ప్రేగుల ద్వారా పోతుంది. గౌట్ రోగులలో అత్యధికులకు వచ్చిన చిక్కు, యూరికామ్లము ఎక్కువ పుట్టడము కాదు, మూత్రపిండములు చాలినంత బయటికి పంపకపోవడము. ఇది కొంతవరకు వంశపారంపర్యము. స్త్రీలలో ఈస్ట్రోజన్ అనే హార్మోను యూరికామ్లమును బయటికి పంపడములో తోడ్పడుతుంది. అందుచేత ముట్లుడిగే వరకు వారికి గౌట్ రావడము అరుదు. రెండువేల సంవత్సరములకు పూర్వమే గ్రీకు వైద్యుడు హిపొక్రటీసు పేర ఉన్న సూత్రములలో ఈ విషయము కనిపిస్తుంది.

ఇప్పుడు మరల పటిక పాత్ర వద్దకు వద్దాము. శరీరపు ఉష్ణోగ్రత వద్ద 100 ఘన సెంటీమీటర్ల రక్తపు తేటలో సుమారు 6.8 మిల్లిగ్రాముల యూరేటు మాత్రమే కరిగి ఉండగలదు. అంతకు మించితే ద్రావణము అతిసంతృప్తమవుతుంది; స్ఫటికములు కట్టడానికి వీలు ఏర్పడుతుంది. చల్లబడితే కరిగే శక్తి ఇంకా తగ్గుతుంది. శరీరములో గుండెకు దూరముగా చల్లగా ఉండేవి కాలివ్రేళ్ళు. బొటనవ్రేలు మొదట పట్టుబడడానికి ఇదొక కారణము. అయితే అతిసంతృప్త ద్రావణము చాలకాలము స్ఫటికములు కట్టకుండానే ఉండవచ్చు. అటువలెనే యూరికామ్లము అధికముగా ఉన్నవారిలో ఎక్కువమందికి గౌట్ రానే రాదు. రక్తపరీక్ష కాగితములో ఒక అంకె ఎక్కువగా ఉన్నంత మాత్రమున జబ్బు ఉన్నట్లు కాదు. అంతేకాక, నొప్పి తీవ్రముగా ఉన్న రోజున పరీక్షిస్తే ఆ అంకె మామూలుగా ఉండవచ్చు. నొప్పి పూర్తిగా తగ్గిన తరువాత మరల చూడవలెను.

కీలులో కట్టిన స్ఫటికములు నెలల తరబడి కదలకుండా పడి ఉండవచ్చు. కొన్ని విడివడి ద్రవములోనికి వచ్చినప్పుడు తెల్ల రక్తకణములు వాటిని శత్రువులని భావించి మ్రింగబోతాయి. ఆ పోరాటమే వాపు, మంట, జ్వరము. అందుచేత గౌట్‌కు చికిత్సలు రెండు. ఒకటి పోరాటమును ఆపేది, రెండవది స్ఫటికములను కరిగించేది. ఈ రెండూ ఒకటేనని భ్రమించడము వలననే రోగులలో చాలమంది ఏండ్ల తరబడి బాధపడుతున్నారు.

పోరాటమును ఆపేవాటిలో ప్రాచీనమైనది కొల్చికము అనే మొక్క. ఐరోపాలో శరదృతువులో పూచే ఈ మొక్క దుంపను ఆరవ శతాబ్దమునాటి ట్రాలెస్ అలెగ్జాండర్ అనే వైద్యుని కాలము నుండి కీళ్ళనొప్పులకు వాడినట్లు చెబుతారు. 1820లో ఫ్రెంచి రసాయనజ్ఞులు పెల్తియే, కవంతూ దాని సారమును వేరుచేశారు. అదే కొల్చిసిన్. ఇది తెల్లకణముల కదలికను మందగింపజేస్తుంది. మన అడవులలో, కంచెల మీద ఎఱ్ఱగా పసుపుగా నిప్పుమంటవలె పూచే అడవినాభి తీగలోను ఇదే పదార్థము ఉన్నది. తమిళనాడులో దాని గింజల కొరకు సేద్యము చేసి ఎగుమతి చేస్తున్నారు. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. మందు మోతాదునకు, విషపు మోతాదునకు కొల్చిసిన్ విషయములో దూరము చాల తక్కువ. దుంపలో అది ఎంత ఉన్నదో కంటికి తెలియదు. అడవినాభి దుంప తిని ప్రాణములు పోగొట్టుకొన్నవారు ఉన్నారు. మాత్రను కూడ పూర్వము విరేచనములు పట్టుకొనేవరకు వేసేవారు. నేడు దాడి మొదలైన కొన్ని గంటలలోపల కొద్ది మోతాదు ఇస్తే చాలునని తేలినది. వాపును తగ్గించే ఇతర మాత్రలు, స్టీరాయిడులు కూడ ఈ కోవలోనివే. దుకాణములో కొనితెచ్చిన నొప్పిమాత్రలు తరచుగా మ్రింగితే అసలే బలహీనముగా ఉన్న మూత్రపిండములు దెబ్బతింటాయి. అప్పుడు యూరికామ్లము బయటికి పోయే దారి మరింత మూసుకుంటుంది.

పథ్యము సంగతి. గౌట్ అనగానే మనవారు మొదట మాన్పించేది కందిపప్పు. పప్పులలో ప్యూరినులు ఉన్న మాట నిజమే. కాని అమెరికాలో 47,150 మంది పురుషులను పండ్రెండేండ్లు గమనించి 2004లో ప్రకటించిన పరిశోధనలో, ప్యూరినులు గల కూరగాయలు గౌట్‌ను పెంచినట్లు కనబడలేదు. మాంసము, చేపలు, రొయ్యలవంటివి పెంచినవి. పాలు, పెరుగు తగ్గించినవి. మద్యములో బీరు మరీ చెడ్డది. పండ్ల చక్కెర కలిపిన తీపి పానీయములు కూడ యూరికామ్లమును పెంచుతాయి. కనుక పప్పన్నము తినే ముసలివానికి పప్పు మాన్పించి, ఆదివారము కాలేయము వేపుడు, సీసాలోని తీపినీళ్ళు విడువకపోవడము తలక్రిందుల పథ్యము. అయినను, ఎంత కఠినమైన పథ్యము చేసినా యూరికామ్లము సాధారణముగా 100 ఘన సెంటీమీటర్లకు ఒక మిల్లిగ్రాము కంటె ఎక్కువ తగ్గదు. 9 ఉన్నవానికి 8 అవుతుంది. ద్రావణము ఇంకా అతిసంతృప్తమే. పథ్యము చేసినా దాడి వచ్చిన రోగిని "నోరు కట్టుకోలేదు" అని ఇంటివారు నిందించడము అన్యాయము.

స్ఫటికములను కరిగించే మందు చరిత్ర ఉపాధ్యాయులకు ప్రత్యేకముగా నచ్చుతుంది. గెర్‌ట్రూడ్ ఎలియన్ న్యూయార్కు పాఠశాలలలో రసాయనశాస్త్రము, భౌతికశాస్త్రము బోధించి, 1944లో జార్జి హిచింగ్స్ పరిశోధనశాలలో చేరినది. హిచింగ్స్ హార్వర్డులో ఫిస్కె వద్ద చదివి, ప్యూరినులను కొలిచే పద్ధతులపై పనిచేసినవాడు. భీమవరములో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ కాలమున అదే ప్రయోగశాలలో ఉండేవారు. ఎలియన్, హిచింగ్స్ రక్త క్యాన్సరుకు తాము కనుగొన్న ఒక మందు శరీరములో త్వరగా నాశనము కాకుండా చూడడానికి అల్లొప్యూరినాల్ అనే పదార్థమును పరీక్షించారు. ఆ మందును నాశనము చేసే క్సాంథీన్ ఆక్సిడేసు అనే ఎంజైమే ప్యూరినులను యూరికామ్లముగా మార్చేది. అల్లొప్యూరినాల్ ఆకారములో ప్యూరినును పోలినదగుటచేత ఎంజైము మోసపోయి దానిని పట్టుకొని కూర్చుంటుంది. యూరికామ్లము తయారు కావడము తగ్గుతుంది. క్యాన్సరు కొరకు వెదకినది గౌట్‌కు ఉపయోగపడినది. 1966లో అమెరికాలో వాడుకకు అనుమతి వచ్చినది. 1988లో వారిద్దరికి నోబెల్ బహుమానము వచ్చినది.

ఇంత మంచి మందు, ధర కూడ తక్కువ. అయినా రోగులు ఎందుకు బాధపడుతున్నారు? మందు మొదలుపెట్టిన తొలినెలలలో స్ఫటికములు కరుగుతూ విడివడడము వలన దాడులు ఎక్కువ కావచ్చు. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే రోగి "ఈ మందు నాకు పడలేదు" అని పారవేస్తాడు. చెప్పినవానికి మూడు నుండి ఆరు నెలలు కొల్చిసిన్ కొద్దిగా తోడు ఇస్తారు. అల్లొప్యూరినాల్‌ను రోజుకు 100 మిల్లిగ్రాములతో, మూత్రపిండములు బలహీనమైతే అంతకు తక్కువతో మొదలుపెట్టి, యూరికామ్లము 6 కంటె దిగువకు వచ్చేవరకు పెంచుకుంటూ పోవలెను. పెంచకుండా 100 వద్దనే ఆగిపోవడము తరచుగా జరుగుతున్నది. అరుదుగా కొందరిలో ఒంటిమీద దద్దురులతో ఆరంభమై ప్రాణాపాయమునకు దారితీసే వికటము కలుగుతుంది. దద్దురు కనబడిన వెంటనే మాత్ర మాని వైద్యుని చూడవలెను. మందు సరిపడనివారికి ఫెబుక్సోస్టాట్ మొదలైనవి ఉన్నవి.

2018లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ వైద్యులు ఒక చక్కని పరిశోధనను ప్రకటించారు. 517 మంది గౌట్ రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపునకు మామూలు వైద్యము. రెండవ గుంపును నర్సులకు అప్పగించారు. వారు స్ఫటికముల సంగతి రోగులకు ఓపికగా వివరించి, వారి సందేహములను విని, అంకె దిగేవరకు మోతాదును పెంచారు. రెండేండ్ల తరువాత నర్సుల గుంపులో నూటికి 95 మందికి యూరికామ్లము 6కు దిగినది. మామూలు గుంపులో నూటికి 30 మందికే దిగినది. మందులు దాదాపు అవే. మోతాదును పెంచడములోను, రోగికి తెలియజెప్పిన పాఠములోను తేడా.

ఆ పాఠమును తరగతిలో కూడ చూపవచ్చు. ముందుగా పెంచిన పటిక స్ఫటికములు సమానమైనవి మూడు తీసికొని తూచండి. ఒకదానిని సంతృప్త ద్రావణములోను, రెండవదానిని అదే ద్రావణమునకు కొద్దిగా నీరు చేర్చినదానిలోను, మూడవదానిని ఇంకా ఎక్కువ నీరు చేర్చినదానిలోను వ్రేలాడదీసి, నీరు ఆవిరి కాకుండా మూతలు పెట్టి ఒకే చోట ఉంచండి. మొదటిది అలాగే ఉంటుంది. రెండవది మెల్లగా, మూడవది త్వరగా కరుగుతుంది. రోజూ ఒకే వేళకు తీసి, అద్ది, తూచి, తూకములను గ్రాఫు కాగితము మీద గుర్తించండి. చెవి అంచున, మోచేతి మీద సుద్దముద్దలవలె గట్టిపడిన యూరేటు గడ్డలు గల రోగులలో ఆ గీత దిగడానికి రోజులు కాదు, నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పడుతుంది.