రీకాల్ తీరని పాత పికప్పు కొనవచ్చునా?

పాత బండి బేరమునకు పోయినప్పుడు మనవారు చూచునవి అంతగా మారలేదు. టైర్ల అరుగుదల, ఇంజను శబ్దము, పొగ రంగు, ఆర్.సి. పుస్తకములోని పేరు. ఈ నడుమ వీనికి మరియొక ప్రశ్న తోడైనది. "ఈ బండికి కంపెనీ రీకాల్ ఒకటి తీరకుండ ఉన్నదట, కొనవచ్చునా, మానవలెనా?" చిట్టమూరు, కోట, వాకాడు ప్రాంతములలో రొయ్యల గుంటలకు మేత బస్తాలు చేర్చుటకును, పట్టిన రొయ్యను ఐసు పెట్టెలలో తరలించుటకును, కళ్లము నుండి ధాన్యము మోయుటకును చిన్న పికప్పు బండి లేనిదే పని సాగదు. క్రొత్తది కొనుటకు సొమ్ము చాలనివారు నాయుడుపేటలోనో, గూడూరులోనో, లేనిచో చెన్నై వరకు పోయియో పాతదానిని వెదకుచుందురు. ఇంటి బంగారము కుదువపెట్టి కొను వస్తువు కనుక ఈ ప్రశ్నను కొంచెము విడమరచి చెప్పుట మంచిదని తలచితిమి.

రీకాల్ అను మాట చెవిని పడగానే కొందరు "అది దోషమున్న బండి" అని వెనుదిరుగుదురు. మరికొందరు "ఇన్నాళ్లు నడిచినది, ఇకమీదట నడవదా?" అని త్రోసివేయుదురు. రెండును తొందరపాటే. ఫలానా తేదీల నడుమ తయారైన బండ్లలో ఫలానా భాగము సరిగా లేదని తయారీదారు గుర్తించి, అమ్ముడుపోయిన బండ్లను తిరిగి రప్పించి, పరీక్షించి, అవసరమైనచో ఆ భాగమును తన ఖర్చుతో మార్చి ఇచ్చుటయే రీకాల్. ఇది అరుగుదల వలన వచ్చిన చెడుగు కాదు, పుట్టుకతో వచ్చినది. బండి ఎన్ని చేతులు మారినను ఆ లోపమును వెంటబెట్టుకొనియే పోవును. పిలుపు వచ్చియు మరమ్మతు జరుగని బండినే రీకాల్ తీరని బండి అనుచున్నాము.

మన దేశమున ఈ పద్ధతికి చరిత్ర పొట్టిది. 2012 జూలైలో మోటారు తయారీదారుల సంఘమైన సియామ్ ఒక స్వచ్ఛంద నియమావళిని ఏర్పరచినది. అప్పటికి అది కంపెనీల మంచితనమునకు విడిచిన విషయము. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినప్పుడు 110-ఎ అను సెక్షను క్రొత్తగా చేర్చిరి. దానికి సంబంధించిన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. పర్యావరణమునకుగాని, నడుపువానికిగాని, బండిలో కూర్చున్నవారికిగాని, దారిన పోవు ఇతరులకుగాని హాని కలిగింపగల లోపమున్నచో రీకాల్ చేయుమని కేంద్ర ప్రభుత్వము తయారీదారును ఆజ్ఞాపింపవచ్చును. అట్టి ఆజ్ఞ వచ్చినచో 10 లక్షల నుండి కోటి రూపాయల వరకు జరిమానా కూడ పడవచ్చును. ఏడేండ్లు దాటని బండ్లకు మాత్రమే ఈ నిర్బంధము వర్తించును. దారిన పోవు ఇతరులు అను మాటను శ్రోతలు మనసునందుంచుకొనవలెనని కోరుచున్నాము. దానితో ముందు పని కలదు.

రీకాల్ అనునది పెద్ద కార్లవారి గొడవ అనుకొనుట పొరపాటు. 2018 అక్టోబరులో మారుతి సుజుకి సంస్థ తన సూపర్ క్యారీ చిన్న ట్రక్కులలో 640 బండ్లను ఇంధన పంపు విషయమై వెనుకకు పిలిచినది. అదే సంవత్సరము డిసెంబరులో అదే రకపు బండ్లు 5,900 ఇంధన ఫిల్టరు కొరకు పిలువబడినవి. 2021 సెప్టెంబరులో మహీంద్రా సంస్థ 2020 జనవరికిని 2021 ఫిబ్రవరికిని నడుమ తయారైన 29,878 పికప్పు బండ్లను పిలిచినది. ద్రవము ప్రవహించు గొట్టము ఒకటి సరిగా అమరలేదని అనుమానము. 2022లో మరల సూపర్ క్యారీ వంతు వచ్చినది. మే 4 నుండి జూలై 30 వరకు తయారైన 5,002 బండ్లలో సీటు బెల్టు బకిల్‌ను పట్టియుంచు బోల్టు తగినంత బిగువుగా లేదేమోనని సందేహము.

ఒక గొట్టము, ఒక ఫిల్టరు, ఒక బోల్టు. వినుటకు ఎంత చిన్నవి! ఆ బోల్టును బిగించుటకు మెకానిక్కునకు పట్టు కాలము బహుశః ఒక టీ త్రాగునంత. కాని బండి ఎదురుగా వచ్చు లారీని ఢీకొన్న క్షణమున నడుపువాని ప్రక్కన కూర్చున్నవాని ప్రాణము వ్రేలాడునది ఆ బోల్టు మీదనే. కనుక రీకాల్‌ను మరమ్మతు ఖర్చుతో కొలువరాదు. ఆ భాగము విఫలమైననాడు ఏమి జరుగునో దానితో కొలువవలెను.

ఇక, ఉచితముగా చేయుదుమని కంపెనీ పిలుచుచుండగా ఇన్ని బండ్లు ఏల మిగిలిపోవుచున్నవి? అమ్మువాని మోసమే కారణమని అనుకొననక్కరలేదు. కంపెనీ కబురు పంపునది తన దస్త్రములలోని యజమానికి. అతడు బండిని విక్రయించి ఉండవచ్చును, ఫోను నంబరు మార్చి ఉండవచ్చును. రెండవ యజమానికి ఆ కబురు తనంతట తాను చేరుట అరుదు. పైగా మన ప్రాంతపు సరకు బండ్లు వారంటీ ముగిసిన మరునాటి నుండియే కంపెనీ వర్కుషాపు ముఖము చూడక ఊరి షెడ్డుకు అలవాటుపడును. ఊరి మెకానిక్కు ఎంత నేర్పరియైనను రీకాల్ జాబితా అతని చేతిలో ఉండదు. ఆ విధముగా, ఎవరి తప్పు లేకయే, లోపము బండిలో నిలిచిపోవును.

కావున కొనదలచినవాడే అడిగి తెలిసికొనవలెను. అందుకు తాళపుచెవి ఛాసీ నంబరు. అది అక్షరములు, అంకెలు కలిసి 17 గుర్తులతో ఉండును. మహీంద్రా బండ్లకు ఎం.ఎ.1 అనియు, మారుతి బండ్లకు ఎం.ఎ.3 అనియు, టాటా బండ్లకు ఎం.ఎ.టి. అనియు మొదలగును. ఇంగ్లీషులోని ఐ, ఓ, క్యూ అను మూడక్షరములు ఇందులో వాడరు; ఒకటి, సున్న అంకెలతో పొరబడకుండుటకు ఆ ఏర్పాటు. కనుక ఓ వలె కనిపించునది సున్నయే అని వ్రాసికొనవలెను. ఈ నంబరును ఆర్.సి. నుండి మాత్రమే ఎక్కించుకొనక ఛాసీపై చెక్కిన చోటనే గుడ్డతో తుడిచి చదువుట మేలు. రెండును సరిపోలనిచో ఇక రీకాల్ మాట దేనికి, బేరమే వలదు.

ఆ నంబరును కంపెనీ వెబ్‌సైటులోగాని, దగ్గరలోనున్న ఆ కంపెనీ అధికార వర్కుషాపులోగాని ఇచ్చినచో ఆ బండిపై రీకాల్ కలదో లేదో, ఉన్నది తీరినదో లేదో చెప్పుదురు. నోటిమాటగా కాక కాగితముపై పుచ్చుకొనుడు. ఇచ్చట ఒక చిక్కు కలదు. రీకాల్ తేదీలు బండి తయారైన తేదీలే కాని రిజిస్టరైన తేదీలు కావు. 2021 ఫిబ్రవరిలో తయారై, కొన్ని నెలలు అమ్మకపు స్థలములో నిలిచి, ఎండకాలమున రిజిస్టరైన బండి ఉండవచ్చును. "మాది తరువాత కొన్నది, ఆ రీకాల్ మాకు రాదు" అని అమ్మువాడు నిజాయితీతోనే చెప్పవచ్చును, పొరబడవచ్చును. ఆర్.సి.లో తయారీ నెల వేరుగా ఉండును, దానిని చూడవలెను. ఆ తేదీలలో తయారైన ప్రతి బండికిని లోపము ఉండవలెననియు లేదు. తుది మాట ఛాసీ నంబరుదే.

ఇప్పుడు అసలు నిర్ణయము. మా అభిప్రాయము సూటిగా చెప్పుదుము. బ్రేకులు, స్టీరింగు, ఇంధనపు దారి, చక్రముల పట్టు, సీటు బెల్టు, గాలిసంచి, వీనిలో దేనిపైనైనను రీకాల్ తీరకున్నచో, అది తీరువరకు ఆ బండికి పూర్తి సొమ్ము చెల్లింపరాదు, దానిని నడుపుకొని ఇంటికి తేరాదు. కొద్దిపాటి బయానా ఇచ్చి, "వర్కుషాపులో పని చేయించి, జాబ్ కార్డు చేతికి ఇచ్చిననాడు మిగిలినది" అని మాట్లాడుకొనవలెను. అమ్మువానికి దీనివలన పోవునది ఒక దినము మాత్రమే. అంతమాత్రపు కోరికకు పేచీ పెట్టువాని బండిలో ఇంకేమి దాగియున్నదో ఆలోచింపుడు. అంత ప్రాణాపాయము లేని చిన్న విషయమునకు రీకాల్ ఐనచో కొని తరువాత చేయించుకొనవచ్చును. భాగములు ఇంకను రాలేదని వర్కుషాపువారు చెప్పినచో, ఎప్పుడు వచ్చునో తెలియని దానికొరకు పంటకాలమును పణముగా పెట్టక మరియొక బండిని చూచుకొనుటయే మేలు.

అమెరికాలో ఇట్టి చట్టము 1966 నుండి ఉన్నది. అయినను పాత బండిని రీకాల్ తీరకుండ అమ్మరాదని అచ్చటి జాతీయ చట్టము నిషేధింపలేదు. 2004లో కాలిఫోర్నియాలో రాషెల్, జాక్వెలిన్ హౌక్ అను ఇద్దరు అక్కచెల్లెండ్రు అద్దెకు తీసికొన్న కారులో పోవుచుండగా ప్రమాదమున మరణించిరి. ఆ కారుపై స్టీరింగు ద్రవము కారి మంటలు లేవవచ్చునని అప్పటికే రీకాల్ ఉన్నది. మరమ్మతు చేయకయే అద్దెకిచ్చిరి. వారి తల్లి పోరాటముతో 2015లో వారి పేరుననే చట్టము వచ్చి, అద్దె కార్లవారికి మాత్రము అడ్డుకట్ట పడినది.

మన తీరమువారికి మరింత దగ్గరగా తగులునది టకాటా గాలిసంచుల కథ. ఆ సంచులను ఉబ్బించు అమ్మోనియం నైట్రేటు మందు ఏండ్ల తరబడి వేడికిని తేమకును లోనై చెడి, ప్రమాదవేళ మితిమీరి ప్రేలి లోహపు ముక్కలను ఎదజల్లును. 2006లో తయారైన ఫోర్డ్ రేంజర్ పికప్పులలో 2015 డిసెంబరున ఒకరు, 2017 జూలైలో ఒకరు ఇట్లే మరణించిరి. 2018 జనవరిలో సుమారు 2,900 మంది యజమానులకు "బండిని నడుపవలదు" అనియే కంపెనీ చెప్పవలసి వచ్చినది. మన చిన్న సరకు బండ్లలో గాలిసంచి లేనివే ఎక్కువ. కాని గాలిసంచి గల పెద్ద పికప్పును కొనువారు ఈ ప్రశ్నను తప్పక అడుగవలెను. వేడికిని తేమకును మన సముద్రతీరమున కొదువ లేదు గదా.

తీరము అనగానే ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. రీకాల్ లేదని కాగితము వచ్చినంత మాత్రమున బండి నిర్దోషి కాదు. రొయ్యలు మోసిన బండి తొట్టి నుండి కరగిన ఐసు నీరు, ఉప్పునీరు కలిసి ఛాసీపై కారును. పైకి క్రొత్త రంగు తళతళలాడుచుండగా క్రింద బ్రేకు గొట్టములు, పట్టీల బిగింపులు, తొట్టి అడుగు కడ్డీలు త్రుప్పుతో పొరలు పొరలుగా లేచియుండును. ఈ త్రుప్పుకు ఏ కంపెనీయు రీకాల్ ఇయ్యదు. బండిని పిట్టుపైకి ఎక్కించి క్రిందనుండి దీపము వేసి చూడనిదే తెలియదు. మా లెక్కలో, రీకాల్ వచ్చి, తీరి, జాబ్ కార్డుతో నిలిచిన మెట్టప్రాంతపు బండి, రీకాలే లేక పదేండ్లు ఉప్పునీరు మోసిన బండికంటె నమ్మదగినది. అధిక బరువుకొరకు పట్టీలు చేర్చి, తొట్టి ఎత్తు పెంచిన బండ్ల విషయము కూడ ముందే వర్కుషాపులో చెప్పుట మంచిది; మార్పులు చేసిన చోట పని చేయుటకు వారు సందేహింపవచ్చును.

"రీకాల్ ఉన్నది గనుక ఇరువదివేలు తగ్గించెదను" అని ఎవరైన అన్నచో ఆ మాట మంచిదే. కాని దేనికి తగ్గించుచున్నారో గ్రహింపవలెను. మరమ్మతు ఉచితము, దానికి తగ్గింపు అనవసరము. తగ్గింపు పుచ్చుకొని మరమ్మతు మానుకొనుటయే ఇచ్చట అపాయము. ఆ ఇరువదివేలు ఇంటి ఖర్చులో కలిసిపోవును, బోల్టు మాత్రము వదులుగానే ఉండును.

ఇంతకుముందు గుర్తుంచుకొనుమన్న మాటకు వచ్చెదము. బండి మనదే కావచ్చును, బ్రేకు పట్టనినాడు దెబ్బతినునది సంతకు నడచి పోవువాడు, సైకిలుపై బడికి పోవు పిల్ల. నాట్ల కాలమున తొట్టిలో కూలీలను ఎక్కించుకొని పోవు అలవాటు కూడ మన ప్రాంతమున ఇంకను పోలేదు. సరకు బండిలో మనుష్యులను తరలించుట చట్టవిరుద్ధము. అట్టివారికి ప్రమాదము జరిగినచో బీమా సంస్థ బాధ్యురాలు కాదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. అప్పుడు పరిహారపు భారము యజమాని పొలముపైనే పడును.

కాగితముల సంగతి క్లుప్తముగా. తమిళనాడు నుండి తెచ్చు బండికి అక్కడి అధికారి ఇచ్చు ఎన్.ఓ.సి. కావలెను, అది 28వ నమూనా. పేరు మార్పునకు 29, 30 నమూనాలు. ఫైనాన్సు అప్పు తీరినదనుటకు 35వ నమూనా. ఎఫ్.సి. గడువు చూచుకొనుడు, ఎనిమిదేండ్లు దాటిన సరకు బండికి అది ఏటేట చేయించవలసినదే. పేరు మారిన పిదప చాలమంది మరచు పని ఒకటి కలదు. ఆర్.సి. నకలుతో కంపెనీ వర్కుషాపునకు పోయి, ఆ ఛాసీ నంబరు ప్రక్కన పాత యజమాని పేరు తీసివేయించి తమ పేరును, చిరునామాను, ఫోను నంబరును వ్రాయించవలెను. ఇకమీదట ఆ బండిపై మరియొక రీకాల్ వచ్చినచో ఆ కబురు చెన్నైలోని పాతవానికి కాక చిట్టమూరులోని మీ ఇంటికి వచ్చును.