‘టు’ వ్రాయవలసిన చోట ‘బై’

నేను జూనియర్ ఇంజినీరుగా ఉన్న రోజులలో ఒక పైపు లైనుకు నీటితో పీడన పరీక్ష జరుగుతున్నది. లైను అప్పటికే చదరపు సెంటీమీటరుకు 10 కిలోల వద్ద ఉన్నది, చేరవలసినది 15. షిఫ్టు ముగించి వెళ్తూ లాగ్ బుక్కులో నేను వ్రాసిన ఇంగ్లీషు వాక్యంలో ‘ఇంక్రీజ్’ తర్వాత ‘టు’ ఉండవలసిన చోట ‘బై’ పడింది. అనగా మరి 15 పెంచుమని, వెరసి 25. తర్వాతి షిఫ్టులోని పెద్దవయసు ఆపరేటరు పంపు ముట్టలేదు. గేటు దాటబోతున్న నన్ను ఆపి, “పదిహేనుకు పెంచాలా సార్, పదిహేను పెంచాలా?” అని అడిగాడు. ఆయన నోట పలికిన ఆ ‘కు’ మా ఫ్లాంజీలను కాపాడింది.

మన చిక్కు ఎక్కడ మొదలవుతుందో చిన్ననాటి విభక్తుల పట్టికలోనే కనబడుతుంది. ‘ని, ను, ల, కూర్చి, గురించి’ ద్వితీయా విభక్తి అని వల్లె వేసినవారమే గదా! విషయాన్ని చర్చించామన్నా, విషయాన్ని గురించి చర్చించామన్నా తెలుగున దోషం లేదు. అందుచేతనే మన సమావేశాల మినిట్సులో ‘డిస్కస్డ్ అబౌట్’ నిరాటంకంగా సాగిపోతుంది. ఇంగ్లీషున ‘డిస్కస్’ క్రియకు కర్మ నేరుగా రావాలి. ‘డిస్కషన్’ అని నామవాచకం చేస్తే మాత్రం ‘అబౌట్’ చెల్లుతుంది. ‘ఎంఫసిస్ ఆన్’ ఒప్పు, ‘ఎంఫసైజ్ ఆన్’ తప్పు కావడమూ ఇటువంటిదే.

ఈ తప్పులవల్ల పరువుకే నష్టం. సామగ్రికి నష్టం తెచ్చేది ‘సబ్‌స్టిట్యూట్’. పాత బేరింగు తీసి కొత్తది వేయుమనడానికి ‘రీప్లేస్’ వాడితే పాతది ముందు, ‘విత్’ తర్వాత కొత్తది. ‘సబ్‌స్టిట్యూట్’ వాడితే కొత్తది ముందు, ‘ఫర్’ తర్వాత పాతది. ఈ వరుస తారుమారైతే ఇండెంటు అర్థమే తలక్రిందులవుతుంది. నేనైతే ఇండెంట్లలో ఆ రెండవ మాట జోలికే పోను.

‘కంప్లై’కి ‘విత్’, ‘కన్‌ఫార్మ్’కు ‘టు’ ఎందుకని తర్కిస్తే మన ఇంజినీరింగు బుద్ధికి అంతుచిక్కదు, చూచి నేర్వవలసిందే. జపానులో ఇంగ్లీషు బోధించిన హార్న్‌బీ, పరభాషీయుల అవసరమెరిగి కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలోను, 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణగాను వెలువడింది. క్రియ వెంట ఏది రావాలో ఉదాహరణలతో చూపుతుంది. వెదకవలసినది ‘టు’ను కాదు, క్రియను. నా ప్రతి అట్ట ఊడి, రెండుసార్లు బైండింగుకు వెళ్లివచ్చింది.

లాగ్ బుక్కులో మాత్రం ఆనాటినుండి ‘ఫ్రమ్ 10 టు 15’ అని రెండంకెలూ వేస్తున్నాను.