నోటిమాట భాగస్వామ్యం – వారసుల హక్కు

అన్నదమ్ములు కలిసి నడిపే వ్యాపారం శుభప్రదమైనది. బట్టల కొట్టయినా, కిరాణా దుకాణమైనా నమ్మకమే పెట్టుబడిగా ఏళ్ల తరబడి సాగుతుంది. 'మా మధ్య కాగితాలెందుకు?' అంటారు. కాని వారిలో ఒకరు కన్నుమూసిన నాడు ఆ ప్రశ్నకు జవాబు వెదుక్కోవలసిన భారం వితంతువు మీద, అనాథ పిల్లల మీద పడుతుంది.

వారసత్వ పంపకం గురించి మా వద్దకు వచ్చే కుటుంబాలు ఇల్లు, స్థలం, బంగారం లెక్క చెప్పగలుగుతాయి. దుకాణం దగ్గరకు వచ్చేసరికి మాట ఆగిపోతుంది. మరణించినవాని వాటా సగమా, మూడో వంతా? అసలు అతడు భాగస్వామా, జీతానికి పనిచేశాడా? అప్పులు, వసీయతు తీరిన తరువాత, సంతానం ఉన్నవాని భార్యకు ఎనిమిదో వంతు రావాలని షరీఅత్ నిర్ణయించింది. దేనిలో ఎనిమిదో వంతో తెలియనప్పుడు ఆ హక్కు ఆమె చేతికి ఎలా అందుతుంది?

చట్టం ఏమంటోంది?

మన దేశంలో ఇటువంటి వ్యాపారాలకు 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం వర్తిస్తుంది. తెలుగు రాష్ట్రాలలో ఫర్ముల నమోదును రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ చూస్తుంది. భాగస్వాములు మొదట ఒప్పంద పత్రం రాసుకోవాలి. ఎవరి పెట్టుబడి ఎంత, లాభనష్టాలలో ఎవరి వాటా ఎంత అన్నవి అందులో ఉండాలి. తరువాత ఫర్మ్ పేరు, వ్యాపార స్థలం, ఒక్కొక్కరు చేరిన తేదీ, వారి పేర్లు, శాశ్వత చిరునామాలు, వ్యాపార కాలపరిమితి తెలుపుతూ దరఖాస్తు ఇవ్వాలి. ఆ వివరాలు రిజిస్టరులోకి ఎక్కుతాయి. నిర్ణీత రుసుము చెల్లించి ఎవరైనా ఆ రిజిస్టరును చూడవచ్చు.

జీఎస్టీ నంబరు, మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఉంటే చాలునని కొందరు భావిస్తారు. అవి తరచుగా పెద్దన్న ఒక్కడి పేరిటే ఉంటాయి. తమ్ముని వాటా ఎంతో అవి చెప్పవు.

ఫర్మ్ నమోదు తప్పనిసరి కాదు. అయితే 69వ సెక్షను ప్రకారం, నమోదు కాని ఫర్మ్ తనకు ఒప్పందం ప్రకారం రావలసిన బాకీ కోసం బయటివారిపై దావా వేయలేదు. భాగస్వామి కూడా ఒప్పంద హక్కుల కోసం తోటి భాగస్వామిపై దావా వేయలేడు. ఫర్మ్ రద్దు కోసం, రద్దయిన ఫర్మ్ లెక్కల కోసం కోర్టుకు వెళ్లే హక్కు మాత్రం మిగులుతుంది. కాని రాతకోతలు లేనిచోట వాటాను రుజువు చేయడం కష్టం.

మరో సంగతి. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే భాగస్వామి మరణంతో ఫర్మ్ రద్దవుతుంది. మిగిలినవారు లెక్కలు తేల్చకుండా వ్యాపారం సాగిస్తే, మరణించినవాని సొమ్ము వలన వచ్చిన లాభంలో వాటాను గాని, ఏడాదికి 6 శాతం వడ్డీని గాని వారసులు కోరుకోవచ్చునని 37వ సెక్షను చెబుతోంది. వడ్డీ నిషిద్ధమని నమ్మే మనకు లాభవాటా అనే హలాల్ మార్గం చట్టంలోనే ఉందన్నమాట.

రాయడం అపనమ్మకమా?

దివ్యఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు, బఖరా సూరాలోని 282వది, అప్పు వ్యవహారాలను రాసుకోవడం గురించినదే. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని అది బోధిస్తుంది. ఆ సంబోధన విశ్వాసులకే. అనుమానాలకు తావు లేకుండా చేయడమే దాని ఉద్దేశం. సాద్ సూరాలో దావూద్ (అలైహిస్సలాం) వద్దకు వచ్చిన వివాదం కూడా ఇద్దరు సోదరులదే. భాగస్వాములలో చాలామంది ఒకరిపై ఒకరు దౌర్జన్యం చేస్తారని, విశ్వసించి సత్కార్యాలు చేసేవారే దానికి అతీతులని, అటువంటివారు కొద్దిమందేనని అక్కడ హెచ్చరిక ఉంది.

రిజిస్ట్రారు చూడలేనిది

ఒక్క విషయం మరువరాదు. రిజిస్ట్రారు మనం తెలిపిన వివరాలనే నమోదు చేస్తాడు. తండ్రి విడిచివెళ్లిన దుకాణాన్ని కొడుకులు తమ పేరిట కొత్త ఫర్మ్‌గా నమోదు చేసుకుంటే, అందులో అక్కచెల్లెళ్ల సొమ్ము కలిసి ఉందని ఆ రిజిస్టరు చెప్పదు. కాగితం సక్రమంగా ఉన్నంత మాత్రాన సంపాదన హలాల్ కాదు. అందువలన ముందు పంపకం, తరువాత ఒప్పందం, ఆ పైన నమోదు – ఇదీ సరైన వరుస. మైనరు పిల్లలు భాగస్వాములు కాలేకపోయినా, అందరి సమ్మతితో వారిని లాభాల ప్రయోజనంలో చేర్చుకునే వీలు చట్టంలో ఉంది.

సోదరులారా! మీ ఒప్పందంలో మరణానంతరం లెక్కలు ఎవరు, ఎంత గడువులో తేల్చాలో రాయండి. వాటాను లాభంతో సహా వారసులకు అప్పగించాలని రాయండి. దాని ప్రతి ఒకటి మీ ఇంట ఉంచి, మీ భార్యకు చదివి వినిపించండి. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ కడుపులను నిప్పుతో నింపుకుంటున్నారన్న నిసా సూరా హెచ్చరిక నుండి మీ తోబుట్టువులను కాపాడేది కూడా ఆ కాగితమే.