వార్డుకు మార్చిన రాత్రి

‘ఐసీయూలోంచి వార్డుకు మార్చేశారు, ఇక గండం గడిచినట్టే.’ ఏలూరు సర్వజన ఆసుపత్రి నుంచో ఆశ్రం ఆసుపత్రి నుంచో కైకలూరుకు, తాడేపల్లిగూడేనికి ఇలాంటి ఫోను వెళితే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. మంచం మీదున్న మనిషికి మాత్రం ఆ రాత్రి కునుకు పట్టకపోవచ్చు.

కొల్లేటి పల్లెల్లో కట్లపాము కరిచినవాళ్ల సంగతే చూడండి. రాత్రిళ్లు నేలమీద పడుకున్నవాళ్లనే అది ఎక్కువగా కాటేస్తుంది. నరాల నుంచి కండరాలకు అందాల్సిన సంకేతాన్ని దాని విషం ఆపేస్తుంది. కనురెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, చివరికి ఊపిరి తీసే కండరాలూ చచ్చుబడతాయి. విరుగుడు మందు ఎక్కించినా కొన్ని రోజులు వెంటిలేటర్ తప్పకపోవచ్చు. ఐసీయూలో ఆ రోగి వేలు కదపలేడు, కన్ను తెరవలేడు. తెలివి మాత్రం ఉండొచ్చు, మాటలు వినపడొచ్చు. మొదట చికాకు పెట్టిన మానిటర్ మోతే రానురాను బతికున్నానన్న ధీమా అవుతుంది. వార్డులో ఆ మోత ఉండదు. ఒకరిద్దరు రోగులకే ఒక నర్సు ఉండే చోటు నుంచి వచ్చినవాడికి, అన్ని మంచాల మధ్య పరుగులు పెట్టే సిస్టర్‌ని చూస్తే గుండె జారుతుంది. మళ్లీ ఊపిరి ఆగితే ఎవరు చూస్తారు?

ఇది పిరికితనం కాదు. చోటు మారడం వల్ల కలిగే ఈ ఒత్తిడిని ఉత్తర అమెరికా నర్సుల సంస్థ ‘నాండా’ 1992లోనే తన సమస్యల జాబితాలో చేర్చింది. ఐసీయూ రోగుల్లో మతిభ్రమ కూడా మామూలే. గోడమీద లేనివి కనిపిస్తున్నాయంటే, గాలి సోకిందేమోనని మనవాళ్లు తాయెత్తు కోసం పరిగెడతారు.

రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా వీలైనంతవరకు రోగిని మార్చొద్దని, తప్పక మారిస్తే దాన్ని అవాంఛనీయ ఘటనగా నమోదు చేయాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే ‘నైస్’ సంస్థ 2007లో చెప్పింది. మంచాలు చాలనప్పుడు ఈ మాట నిలబడదు. 2020 డిసెంబరులో అంతుచిక్కని జబ్బుతో ఏలూరులో ఆరు వందల మందికి పైగా పడిపోయారు, కొందరిని విజయవాడ, గుంటూరు పంపారు. అలాంటి రద్దీలో రోగికి నచ్చజెప్పే తీరిక ఎవరికుంటుంది?

ఇంటివాళ్ల కంగారు వేరు. ఐసీయూలో నాలుగు నిమిషాలు చూసి బయటికొచ్చిన భార్యే వార్డులో సగం నర్సు. ముక్కు గొట్టంలో జావ పోయాలి, మూత్రం సంచి ఖాళీ చేయాలి, ‘సిస్టర్‌గారూ, సెలైన్ అయిపోయిందండీ’ అని పరిగెత్తాలి. నేర్పింది ఎవరు?

ఆస్ట్రేలియాలో కొన్ని ఆసుపత్రుల్లో ఐసీయూ నర్సే వార్డుకు వెళ్లి రోగిని చూసొస్తుంది. మన దగ్గర ఆ పోస్టు లేకపోయినా, మార్పు గురించి ముందురోజే చెప్పొచ్చు. డాక్టరు సరేనంటే మానిటర్ కాసేపు తీసి అలవాటు చేయొచ్చు. ఇంటివాళ్లలో ఒకరిని లోపలికి పిలిచి జావ పోయడం చూపించొచ్చు. రాత్రి డ్యూటీలో ఎవరుంటారో, ఆయాసం వస్తే ఎవరిని పిలవాలో తోడున్నవాళ్లు స్ట్రెచర్ కదలకముందే అడగొచ్చు.