ఉంగరం బిగిసినప్పుడు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక గుమాస్తా ఉన్నాడనుకుందాం. వయస్సు నలభై. పెళ్ళినాటి ఉంగరం రెండేళ్ళుగా వేలికి ఎక్కడం లేదు. ఏడో నంబరు చెప్పులు తొడిగే పాదానికి ఇప్పుడు తొమ్మిదో నంబరు కావాలి. "సుఖపడి ఒళ్ళు చేశావోయ్!" అంటారు స్నేహితులు. ఆయనా నవ్వి ఊరుకుంటాడు. కాని ఒళ్ళు చేసినవాడికి పొట్ట పెరుగుతుంది గాని, దవడ పెరుగుతుందా? పళ్ళ మధ్య సందులు పడతాయా?

ఈ గుమాస్తా కల్పితమే. జబ్బు మాత్రం కల్పితం కాదు. దీనికి 'ఆక్రోమెగలీ' అని 1886లో పేరు పెట్టినవాడు పియేర్ మారీ అనే ఫ్రెంచి వైద్యుడు. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంది. అందులో కణితి లేచి, పెరుగుదల హార్మోను మితిమీరి ఊరుతుంది. ఆ కణితి సాధారణంగా కాన్సరు కాదు. అయినా చేతులు, పాదాలు, ముక్కు లావెక్కుతాయి. లోపల గుండె కూడా పెరుగుతుంది. రక్తపుపోటు, మధుమేహం, నిద్రలో ఊపిరి ఆగడం తోడవుతాయి. మార్పు ఎంత నెమ్మదిగా వస్తుందంటే, రోజూ చూసే ఇల్లాలికే తెలియదు.

రోగ నిర్ణయానికి మొదట ఐ.జి.ఎఫ్.-1 అనే రక్తపరీక్ష చేస్తారు. తరువాతి పరీక్ష బెల్లం ఊరివారికి వింతగా తోస్తుంది. 75 గ్రాముల గ్లూకోసు నీళ్ళలో కలిపి తాగిస్తారు. మామూలు మనిషిలో తీపి పడగానే ఈ హార్మోను తగ్గుతుంది; ఈ రోగిలో అలా తగ్గదు. కణితి ఎంతదో ఎం.ఆర్.ఐ. చూపిస్తుంది.

ముక్కులోంచి పరికరాలు పంపి ఆ కణితిని తీస్తారు. చిన్నదైతే చాలామందికి అంతటితో నయమవుతుంది. పెద్దదైతే కొంత మిగిలిపోవచ్చు. అప్పుడు నెలనెలా ఇంజెక్షన్లో, మాత్రలో, కిరణచికిత్సో అవసరమవుతాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆపరేషనయిన కొద్దిరోజులకే వాపు తీసి ఉంగరం వదులవుతుంది. "ఇంకా డాక్టరెందుకు?" అనిపిస్తుంది. విశాఖపట్నం కింగ్ జార్జి ఆస్పత్రి అనకాపల్లికి సుమారు 35 కిలోమీటర్లు. ప్రాణభయంతో పరుగెత్తినప్పుడు దగ్గరగా ఉన్న ఆ దారే, కులాసాగా ఉన్నప్పుడు దూరమవుతుంది. మరి కొందరు, పెరిగిన దవడ ఎముక వెనక్కు పోలేదని నిరాశపడి మానేస్తారు. ఎముక వెనక్కు పోదు, నిజమే. కాని చికిత్స ముఖం కోసం మాత్రమే కాదు, గుండె కోసం. హార్మోను అదుపులో ఉంటే ఆయుర్దాయం ఇంచుమించు అందరితో సమానమే.

చెప్పకుండా వచ్చిన జబ్బు, తిరిగివచ్చేటప్పుడూ చెప్పిరాదు. అద్దం పట్టుకోలేనిదాన్ని రక్తపరీక్ష పట్టుకుంటుంది. అందుకే ఆపరేషనయిన మూడు నెలలకు ఒకసారి, తరువాత కనీసం ఏడాదికొకసారి, జీవితాంతం పరీక్ష చేయించుకోవాలి. చక్కెర, రక్తపుపోటు, గుండె, పెద్దపేగు కూడా చూపించుకోవాలి. పిట్యూటరీ నుంచి రావలసిన తక్కిన హార్మోన్లు తగ్గాయేమో చూడాలి. వాటికి బదులుగా ఇచ్చిన మాత్రలను సొంతంగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు.

ఉంగరం బిగిసి, చెప్పుల నంబరు కూడా పెరుగుతున్నవారు మీ ఇంట్లో ఉన్నారా? వారి పదేళ్ళనాటి ఫొటో ఒకటి తీసి, దానితోసహా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.