మీకు తెలుసా? నలుపు ఎక్కువైతే రక్షణ ఎక్కువ కాదు

షూటింగ్ పిలుపు కోసం కృష్ణానగర్ రోడ్ల మీద ఎండలో నిలబడే జూనియర్ ఆర్టిస్టులకు చలవ కళ్లద్దాలు సోకు కాదు, అవసరం. అయితే అద్దం ఎంత నల్లగా ఉంటే అంత మేలనుకోవడం పొరపాటు. నల్లటి అద్దం వెనక కంటిపాప విచ్చుకుంటుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే గుణం ఆ అద్దానికి లేకపోతే అవి మరింతగా లోపలికి చేరతాయి. ఏళ్ల తరబడి అలా తగిలితే శుక్లాల ముప్పు పెరుగుతుంది.

కొనేటప్పుడు ‘యూవీ 400’ అని ఉందా చూడండి. 400 నానోమీటర్ల దాకా కిరణాలను ఆపుతుందని దానర్థం. ‘పోలరైజ్డ్’ వేరు, అది తారురోడ్డు, కారు అద్దాల మీది మెరుపును తగ్గిస్తుంది, అంతే. చేయిజారినా తట్టుకోవాలంటే పాలికార్బొనేట్ అద్దాలే మేలు. పక్కలనుంచి ఎండ దూరని వెడల్పాటి ఫ్రేమ్ ముఖానికీ అందమే. స్టిక్కర్ మీద నమ్మకం కుదరకపోతే, యూవీ మీటర్ ఉన్న కళ్లద్దాల దుకాణంలో పరీక్షించమని అడగండి.